బావ బురద టైర్లు

బావ ఎస్‌యూవీ పొద్దున సుబేదారి నుంచి కాజీపేటకు పోతది, పొద్దూకంగ అదే తోవన ఇంటికొస్తది. ఆదివారమైతే ములుగు రోడ్డెక్కి అత్తగారి ఊరికి. ఆ ఊళ్లె మిరపచేనుకు పోయే బండ్లబాట కిలోమీటరున్నర ఉంటది. బావకున్న ఆఫ్‌రోడ్డు మొత్తం అదే. దానికోసం ఫోన్ల వీడియోలు చూసి చూసి నాలుగు మడ్ టెర్రైన్ టైర్లు కొన్నడు.

దుకాణపాయన పాపం మంచిగనే చెప్పిండు. హెచ్‌టీ అంటే రోడ్డు టైరు, కారుతోని వచ్చేది ఎక్కువగ ఇదే. ఏటీ అంటే తారు రోడ్డుకూ మట్టిబాటకూ సర్దుకునేది. ఎంటీ బురద కోసమే పుట్టింది: రబ్బరు గడ్డలు గడ్డలుగ, నడుమ వేలు పట్టేంత సందులు. రోజూ నడిపే బండికి ఏటీ దాటొద్దు. అపోలో, సియట్, జేకే అందరూ ఏటీ చేస్తరు, విదేశీ పేరున్న వాటికంటే జేబుకు తేలిక. బావ అంతా విని, "ఎంటీయే ఎక్కియ్యి. చూసినోళ్లు జర భయపడాలె" అన్నడు.

సైజు సుత పెంచిండు. కారుతో వచ్చింది 235/65 ఆర్17. అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందుల 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు. లెక్క కడితే టైరు ఎత్తు 737 మిల్లీమీటర్లు. బావ ఎక్కించింది 265/65, ఎత్తు 776. కారు నాలుగంగుళాలు లేచిందని బావ అందరికీ చెప్పుకున్నడు. ఎత్తుల తేడా 39 మిల్లీమీటర్లే, అందుల సగమే కారు కిందికి వస్తది. రెండు సెంటీమీటర్లు. అటుకుల పొట్లం పట్టేంత జాగ కూడా పెరగలే.

మొదటి ఫిర్యాదు అక్క నుంచి వచ్చింది. కాజీపేట దాటినంక, "ఏమయ్యా, ఎనుక లారీ వస్తాంది, సైడియ్యరాదు" అన్నది. అద్దంల చూస్తే లారీ లేదు. సందుల్ల ఇరికిన గాలి ప్రతి చుట్టుకూ నలిగి బయటికి తన్నుకొస్తది, ఆ ఊళ అదే. అరవై దాటితే పాటలు వినపడవు, ఎనభై దాటితే అక్క మాటలు వినపడవు. ఈ రెండోదాన్ని బావ లాభాల కిందనే రాసుకున్నడు.

హన్మకొండ చౌరస్తాల యూటర్న్ కొట్టి స్టీరింగు పూర్తిగ తిప్పంగనే చక్రం కాడ జర్రుమని సప్పుడు. వెడల్పు టైరు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను గీకుతాంది. కారుతో వచ్చిన ఏడంగుళాల రిమ్ము ఈ టైరుకు ఇరుకు కూడా. ఏడున్నరకు తక్కువ ఉండొద్దు.

ఇగ మైలేజీ. లీటరుకు 14 వచ్చేది 12కు పడ్డదని బావ మొత్తుకున్నడు. అందుల కొంత అబద్ధం. టైరు పెద్దగైతే చక్రం తక్కువ చుట్లు తిరుగుతది, మీటరు ఐదు శాతం తక్కువ కిలోమీటర్లు లెక్కపెడతది. అసలు మైలేజీ 12.6. మిగిలింది మాత్రం టైర్ల బరువూ, గడ్డల రాపిడీ తిన్నదే. వేగం కూడా అంతే, ముల్లు మునుపటి లెక్కల 100 చూపితే బండి 105 మీద ఉన్నట్టు. కంపెనీ మీటరు మొదటినుంచీ జర ఎక్కువే చూపిస్తది కాబట్టి ఆ తేడా కొంత అందుల మునిగింది, లేకపోతే చలానా ఇంటికి వచ్చేది.

వాన పడ్డ తారు మీద బ్రేకు కొడితే ఇంకో సంగతి. గడ్డల నడుమ ఖాళీ ఎక్కువ, రోడ్డును పట్టే రబ్బరు తక్కువ. బండి ఆగేది ఆలస్యం. ఇది నవ్వే ముచ్చట కాదు.

ఆఖరికి బావ ఎదురుచూసిన వానల ఆదివారం వచ్చింది. నల్లరేగడి నాని ఉన్నది. బావ బండి ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, ముందు చక్రాలు రెండే లాగుతయి. కిటికీ దించి చెయ్యి బయట పెట్టి మరీ దిగిండు. ఇరవై గజాలు పోయినంక యాక్సిలరేటర్ తొక్కితే గడ్డలు మట్టిని తోడి తోడి గుంత చేసినయి, కారు పొట్ట నేలకు ఆనింది. ఇగ టైరు ఏదైనా గాలిల తిరుగుడే.

బామ్మర్ది ట్రాక్టర్ తెచ్చిండు. "బావా, గాలెంత పెట్టినవ్?"

"ముప్పై ఐదు."

"ఇరవైకి దించితే టైరు జర పరుచుకొని మట్టిని పట్టేది గదా. మల్ల రోడ్డెక్కినంక నింపుకోవాలె."

నింపనీకి బావ దగ్గర పన్నెండు వోల్టుల గాలి మిషన్ లేదు. ఆ మాటకొస్తే నాట్ల మడిల ట్రాక్టరే రబ్బరును నమ్మదు, ఇనుప కేజ్ వీల్స్ కట్టుకొని దిగుతది.

నెల తిరగకముందే పాత సైజుల ఏటీ వచ్చింది. ఈసారి అక్క కూడ పోయి టైరు పక్కగోడ చదివించింది. డీఓటీ రాత చివర నాలుగంకెలు 3124 అంటే 2024ల 31వ వారం తయారీ. ఏడాది లోపుది తీసుకుంటే మంచిది. బరువు అంకె 108 అంటే టైరుకు 1000 కిలోలు, 104 అయితే 900. కారుతో వచ్చినదానికంటే తగ్గొద్దు. వేగం అక్షరం హెచ్ 210 దాక, టీ 190 దాక; ఎంటీల మీద ఎక్కువగ క్యూ ఉంటది, 160. కొత్త వాల్వులు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ధరల కలిపే బేరం చేసింది, బిల్లు అడిగి తీసుకున్నది. వారంటీకి అదే సాక్ష్యం.

"స్టెప్నీ సుత మారుద్దామా?" అని అడిగిండు దుకాణపాయన.

బావ ఎంటీలు కొన్నప్పుడు పైసలు చాలక దాన్ని ముట్టనే లేదు. 235/65, ఒక్క కిలోమీటరు తిరగలే. తోవల పంక్చరైతే ఆ పొట్టిదే పెట్టి ఒక దిక్కు వంగి వచ్చేటోడు. ఇప్పుడు నాలుగిటికీ అదే సైజు. అక్క దాన్నొకసారి, బావనొకసారి చూసి, "అది మంచిగనే ఉన్నది, ఉండనియ్యి" అన్నది.