ఒక్క క్లిప్పు కోసం అసెంబ్లీ రద్దు

మా కారు డ్రైవర్ వైపు అద్దం మొన్న రాజీనామా చేసింది. ముందస్తు నోటీసు లేదు, అలక లేదు, అసంతృప్తి ప్రకటన లేదు. బటన్ నొక్కగానే తలుపు లోపల టప్‌మని చిన్న చప్పుడైంది. తర్వాత అద్దం ఎంతో హుందాగా, మెల్లగా తలుపులోకి దిగిపోయింది. మోటారు మాత్రం బటన్ నొక్కిన ప్రతిసారీ ఊఁ అంటూ తిరుగుతూనే ఉంది, చెయ్యడానికి పనేమీ లేకపోయినా ఫైళ్లు తిరగేసే ఉద్యోగిలా.

కారు వయసు 14 ఏళ్లు. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా దారి మధ్యలో దించెయ్యలేదు. పొద్దున్నే తాళం తిప్పితే ఒక్క కూతకే లేస్తుంది. మా ఇంట్లో ఇంకెవరి గురించీ నేను ఈ మాట చెప్పలేను. అలాంటి బండి అడక్క అడక్క ఒక అద్దం అడిగింది కదా అని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఆ సెంటర్ పేరు చెప్పను. ఒక్కరి పేరే చెబితే మిగతావాళ్లు తమ కృషిని గుర్తించలేదని నొచ్చుకుంటారు.

అక్కడొక కుర్రాడు పది నిమిషాల్లో డోర్ ప్యాడ్ విప్పి, టార్చి పెట్టి చూసి, చెయ్యి లోపలికి పోనిచ్చి, ఒక వస్తువు తీసి నా అరచేతిలో పెట్టాడు. బొటనవేలి గోరంత ప్లాస్టిక్ క్లిప్పు, రెండు ముక్కలై ఉంది. అద్దం అడుగు అంచుని పట్టుకుని, తీగ లాగినప్పుడల్లా పట్టా మీద పైకీ కిందికీ జారడం దాని డ్యూటీ. 14 ఏళ్లు చేసింది. ఎండకి పెళుసెక్కి విరిగింది. తీగ బాగుంది. పట్టా బాగుంది. మోటారు బాగుంది. అద్దం నిక్షేపంలా ఉంది.

అప్పుడు ట్యాబ్లెట్ పట్టుకుని సర్వీస్ అడ్వైజర్ గారు విచ్చేశారు.

"సార్, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ అసెంబ్లీ, అంటే ఆ సెట్టు మొత్తం, మార్చాలి."

"విరిగింది క్లిప్పు కదండీ?"

"క్లిప్పు విడిగా రాదు సార్. అసెంబ్లీగానే వస్తుంది."

"మోటారు బాగానే తిరుగుతోందిగా, మీరూ విన్నారు."

"మోటారు అసెంబ్లీలో భాగం సార్."

"పోనీ, ఆ మంచి మోటారు నాకిచ్చేస్తారా?"

"దాంతో మీరేం చేసుకుంటారు సార్?" అన్నాడు, నా మతిస్థిమితం మీద నిజమైన ఆదుర్దాతో.

నాకు తెలిసిన ప్రజాస్వామ్యంలో ఒక సభ్యుడు కాలం చేస్తే ఆ ఒక్క స్థానానికి ఉపఎన్నిక పెడతారు. రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, మర్నాటి నుంచి సభ మామూలుగా నడుస్తుంది. సభ్యుడు పోయాడని సభాపతినీ, బల్లల్నీ, మైకుల్నీ, ఫ్యాన్లనీ, గేటు దగ్గర కాపలావాణ్నీ, భవనంతో సహా తుక్కుకి పంపించి కొత్త అసెంబ్లీ తెప్పించరు. కార్లవాళ్లది వేరే రాజ్యాంగం. అందులో ఉపఎన్నిక అన్న మాటే లేదు.

ఇంతటితో వదిలినా బాగుండేది. "ఎలాగూ బండి వచ్చింది కదా సార్, కాంప్లిమెంటరీగా హెల్త్ చెకప్ చేసేశాం" అన్నాడు. ఉచితంగా చేసే చెకప్ అంత ఖరీదైనది ప్రపంచంలో ఇంకోటి లేదు. ట్యాబ్లెట్ నా వైపు తిప్పాడు. ఆకుపచ్చ అంటే బాగున్నట్టు, పసుపు అంటే పోబోతున్నట్టు, ఎరుపు అంటే నేను ఇంకా బతికుండటం అదృష్టమన్నట్టు. తెర నిండా కుంకుమ ఆరబోసినట్టుంది. రిమార్కుల గడిలో ప్రతిదానికీ ఒకటే మాట: "వయసు రీత్యా".

ముందు చక్రంలో బేరింగు సన్నగా మూలుగుతోంది. బేరింగు విడిగా రాదు, హబ్ అసెంబ్లీ మార్చాలి. కింద బాల్ జాయింటు వదులైంది. అదీ విడిగా రాదు, లోయర్ ఆర్మ్ అసెంబ్లీ. హెడ్‌లైటు వెలుగుతోంది, గ్లాసు పగల్లేదు, కానీ దాన్ని బిగించే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగింది. చెవి విడిగా రాదు, హెడ్‌ల్యాంప్ అసెంబ్లీ. సైడు అద్దాన్ని మడిచే చోట స్ప్రింగు సడలింది. చెప్పక్కర్లేదు, మిర్రర్ అసెంబ్లీ. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు లోపల అగ్గిపుల్ల ముక్కంత కార్బన్ బ్రష్షులు రెండుంటాయి, అవి అరగడానికే పుట్టాయి. వాటి కోసం ఆల్టర్నేటరు మొత్తం. ఒక్క పూటలో, చర్చ లేకుండా, ఓటింగ్ లేకుండా, నా కారులో ఆరు అసెంబ్లీలు రద్దయ్యాయి. ఆకుపచ్చగా మిగిలింది హారను ఒక్కటే. ప్రతిపక్షం లాగా అరవడానికి మాత్రం పనికొస్తుంది.

"డ్రైవర్ వయసు కూడా రాసుకోండి, ఎరుపులో వెయ్యొచ్చు" అన్నాను. ఆయన నవ్వలేదు. ట్యాబ్లెట్‌లో ఆ గడి ఉందేమోనని వెతికాడు.

తర్వాత గొంతు తగ్గించి, పేషెంటు బంధువుల్ని పక్కకి పిలిచే డాక్టర్లా, "సార్, ఈ ఎస్టిమేటు మీ బండి విలువ కంటే ఎక్కువైంది. ఒకసారి ఎక్స్‌ఛేంజ్ గురించి ఆలోచించండి" అన్నాడు. ఎక్స్‌ఛేంజ్ వాళ్లు ఎంతో దూరం లేరు, పక్క గాజుగదిలోనే ఉన్నారు. ఐసీయూ తలుపు శవాగారంలోకి తెరుచుకున్నట్టు.

ఇంటికొస్తే మా బావమరిదిది అదే పాట. "బావగారూ, దాని మీద తగలేసే డబ్బుతో కొత్తదే వస్తుంది కదా!" ఈ మాట అననివాడు నాకింతవరకు తగల్లేదు. మీకూ తగిలుండడు. బావమరిది ఆరేళ్లలో మూడు కార్లు మార్చాడు. లెక్క అడిగితే మైలేజీ గురించి చెబుతాడు.

ఆ లెక్కేదో నేనే వేస్తాను. పాత కారు మరమ్మతు ఖర్చుని ఆ కారు అమ్మకపు విలువతో పోలుస్తారు చూడండి, అదీ అసలు కిటుకు. కారుని నేను అమ్మబోవడం లేదు కదా? నాకు కావలసింది ఇంకో ఏడాది తిరగడం. ఈ మరమ్మతుతో ఏడాది తిరగడానికి ఎంతవుతుంది, కొత్త కారుతో అదే ఏడాది తిరగడానికి ఎంతవుతుంది అన్నదే పోల్చాలి. కొత్త కారు సాధారణంగా మొదటి ఏడాదిలోనే తన ధరలో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. నా కారు ఎప్పుడో తగ్గవలసినంతా తగ్గింది, ఇక పడటానికి ఎత్తు లేదు. కాకపోతే తరుగుదలకి బిల్లు రాదు. దానికి ట్యాబ్లెట్ లేదు, ఎరుపు గడి లేదు, "వయసు రీత్యా" అని రాసేవాడు లేడు. నిద్రలో జేబు కత్తిరించినట్టు నిశ్శబ్దంగా పోతుంది. బేరింగుకైతే బిల్లొస్తుంది కాబట్టి పాత కారువాడు దుబారా మనిషి, బావమరిది తెలివైనవాడు.

నేనేమీ ఖర్చుకి ఏడ్చే రకాన్ని కాను. ఇంజన్‌లో వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా చూసే టైమింగ్ బెల్టు ఉంది, అది రబ్బరు. బండి తిరిగినా, కవరు కప్పుకుని పడుకున్నా దానికి వయసొస్తుంది. అందుకే దానికి కిలోమీటర్ల లెక్కతో పాటు ఏళ్ల లెక్కా ఉంటుంది. చాలా ఇంజన్లలో అది తెగిందంటే వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, తర్వాత అసెంబ్లీ గురించి మాట్లాడే హక్కు నాకుండదు. గడువు రాగానే మార్పించాను, బేరం ఆడలేదు. బ్రేక్ ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడల్ నేలకి. రెండేళ్లకోసారి మార్పిస్తాను. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. అవీ చదువుతాను. రేపు కింద ఛాసిస్ తుప్పు పట్టి చిల్లులు పడితే నేనే దండం పెట్టి సాగనంపుతాను. అరిగేవాటికి డబ్బు పెట్టడం న్యాయం. అరగనిదాన్ని మార్చమన్నప్పుడే నాకు తిక్క రేగేది.

అన్నట్టు, గేర్‌బాక్సు ఆయిలు సంగతి. ఆటోమేటిక్ బళ్లలో చాలావాటికి కార్ల కంపెనీలవాళ్లు "లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్, మార్చనక్కర్లేదు" అని రాస్తారు. ఎవరి లైఫు? అడిగితే గేర్‌బాక్సు లైఫు అంటారు. ఆయిలు పాడై గేర్‌బాక్సు పోయిందనుకోండి, దాని లైఫు అంతే అన్నమాట, మాట తప్పలేదు కదా! ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం తన ఆయిలుని 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కన్నతల్లి మందు వెయ్యమంటుంటే, పెళ్లిళ్ల పేరయ్య అక్కర్లేదంటున్నాడు. పేరయ్య దృష్టంతా తర్వాతి సంబంధం మీద.

ఇంతదాకా ఏదో సరదాగానే రాస్తున్నాను. ఇక ఆ కుర్రాడి మాట.

డోర్ ప్యాడ్ తిరిగి బిగిస్తూ, అడ్వైజర్ అటు తిరిగిన క్షణం చూసి, నెమ్మదిగా అన్నాడు: "క్లిప్పు ఒక్కటి ఉంటే ఇరవై నిమిషాల పని సార్. మమ్మల్ని చెయ్యనివ్వరు." చెప్పి వెంటనే తల దించుకుని స్క్రూలు ఏరుకున్నాడు, తప్పు చేసినవాడిలా. ఎవరు తప్పు చేశారు? చప్పుడు విని రోగం పట్టగలిగినవాడు, చీకట్లో చెయ్యి దూర్చి విరిగిన ముక్కని తడిమి తియ్యగలిగినవాడు వాడు. కార్ల కంపెనీవారూ, వాడికి మీరు నేర్పుతున్నదేమిటి? పెట్టె విప్పు, పాతది పీకు, కొత్తది పెట్టు, పాతది డ్రమ్ములో పడెయ్యి. బాగుచెయ్యడం వచ్చినవాణ్ని పెట్టె విప్పేవాడిగా మార్చి, దానికి ట్రైనింగ్ అని పేరు పెట్టి, గోడకి సర్టిఫికెట్ తగిలించారు. ఆ వెనక డ్రమ్ములో నా కళ్లతో చూశాను: తిరిగే మోటార్లు, నిగనిగలాడే రాగి తీగ చుట్టలు, చెవి తెగిన లైట్లు. సిగ్గు లేదూ? గోరంత ప్లాస్టిక్ పోసి, సంచిలో వేసి, ఒక నంబరు ఇచ్చి అమ్మడానికి మీకు అచ్చు లేక కాదు. అచ్చు ఉంది, లేకపోతే అసెంబ్లీలోకి ఆ క్లిప్పు ఎలా వచ్చింది? అమ్మకూడదని నిర్ణయించుకున్నారు, అంతే. మళ్లీ అదే గోడ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి "భూమిని కాపాడుదాం" అని రాశారు. ముందు ఆ డ్రమ్ములోంచి కాపాడండి.

సరే. మంచినీళ్లు తాగాను.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఈ గొడవ నిజంగానే ఓటింగ్ దాకా వెళ్లింది. డీలర్లకి ఇచ్చే మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని 2012లో అక్కడి ఓటర్లు భారీ మెజారిటీతో తీర్పు చెప్పారు. బండి వైర్‌లెస్‌గా పంపే సమాచారం కూడా ఇవ్వాలని 2020లో మళ్లీ గెలిపించారు. తయారీదారుల సంఘం కోర్టుకెళ్లింది. ప్రజలు ఓటేస్తే కోర్టుకి పరుగెత్తేవాళ్లకి అసెంబ్లీల మీద ఇంత మమకారం దేనికో!

అమెరికాలోనే ఇర్వ్ గోర్డన్ అని ఒక సైన్సు మాస్టారుండేవారు. 1966లో ఒక వోల్వో పీ1800 కొన్నారు. 2013 నాటికి అదే కారుతో 30 లక్షల మైళ్లు తిరిగి గిన్నిస్‌కెక్కారు. మధ్యలో ఇంజన్ విప్పించారు, అరిగినవి మార్పించారు, మళ్లీ బిగించి తోలారు. ఆయనకీ ఒక బావమరిది ఉండే ఉంటాడు. ఎన్ని కార్లు మార్చాడో ఎవరూ లెక్కపెట్టలేదు.

నా అద్దం సంగతి చెప్పలేదు కదూ. మనకి తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర ట్యాబ్లెట్ లేదు, చెవి మీద పెన్సిలుంది. "పాత బళ్లు విప్పే యార్డులో మీ బండి మోడలే ఒకటి పడుంది, ముందు భాగం నుజ్జయింది, తలుపులు బాగున్నాయి" అన్నాడు. సాయంత్రానికి ఆ తలుపులోంచి క్లిప్పు వచ్చింది. అవతలి పార్టీ నుంచి ఇటు దూకిన సభ్యుడన్నమాట. ఫిరాయింపులకి నేను బద్ధవ్యతిరేకిని, కానీ ఇతను వచ్చిన పూటే పనిలోకి దిగాడు. అద్దం మూడొంతులు ఎక్కాక కిర్రుమని ఒక్క క్షణం ఆలోచించి, తర్వాత పూర్తిగా ఎక్కుతోంది. ఆ మూలుగు నాకు అలవాటైంది, దానికీ వయసు రీత్యా ఆ హక్కుంది.

క్లిప్పు బిగించాక ఆయన ఇంకొకటి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఎడం వైపుదీ అదే వయసు కదా" అన్నాడు. డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. నిన్నటి నుంచి ఎడమ అద్దం బటన్ నొక్కబోతే మా ఆవిడ నన్ను ఆపుతోంది.