సిగ్మా ధనమా, రుణమా అని అడిగే దొరవారికి

మహారాజశ్రీ కంప్యూటర్ బీజగణితం గారికి,

ఉభయకుశలోపరి.

అంకెల్లోకి దిగకుండా అక్షరాలతోనే లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ దొరలు తమరు. తమరి పాండిత్యం మీద మాకు అనుమానం లేదు. నమూనా డేటాకి ఎంత నప్పిందో చెప్పే లైక్‌లీహుడ్‌కి రెండో అవకలనం కాయితం మీద చేస్తే ఎక్కడో ఓ మైనస్ జారిపోతుంది, తమరు రెప్పపాటులో తీసి పెడతారు. కానీ సిగ్మా (స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు చుట్టూ డేటా ఎంత చెదిరిందనే కొలత) వర్గానికి వర్గమూలం ఎంతండీ అంటే మాత్రం సిగ్మా అనరు, ప్రశ్ననే తిప్పి చేతిలో పెడతారు. తమరిలో మాక్సిమా గారైతే సమాకలనం మధ్యలో ఆపి మరీ, "ధనమా, రుణమా, సున్నానా?" అని ఆరా తీస్తారు. స్టాండర్డ్ డీవియేషన్ రుణం కావడం ఎవరు చూశారు స్వామీ?

సరే, పైథాన్ భాషలో తమరి అవతారమైన సింపైలో పాజిటివ్ అని చెప్పి సిగ్మాని మళ్లీ పుట్టించామే అనుకోండి. తమరి లెక్కలో పాత సిగ్మా వేరు, కొత్త సిగ్మా వేరు. పేరూ మొహమూ ఒకటే, ఇంటిపేరే తేడా. పాతదానితో రాసిన సూత్రాన్ని కొత్తదానితో అవకలనం చేస్తే జవాబు సున్నా. ఎర్రర్ అనే మర్యాద కూడా ఉండదు. అందుకే షరతులన్నీ మొదటి వరసలోనే రాసేస్తున్నాం.

వేరియన్స్‌కి, అంటే సిగ్మా వర్గానికి, వి అని విడిగా ఓ అక్షరం కూడా పెట్టుకున్నాం. ఓ పరామితి గురించి డేటా ఎంత చెబుతుందో కొలిచే ఫిషర్ ఇన్ఫర్మేషన్, శాంపిల్ సైజు ఎన్ ఉన్న నార్మల్ డేటాలో, సిగ్మాకైతే 2ఎన్/వి, వి కైతే ఎన్/(2వి²). రెండూ ఒప్పే. ఒకదాని స్టాండర్డ్ ఎర్రర్‌ని (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతని) రెండోదాని పక్కన వేస్తేనే కొంప మునుగుతుంది.

విదేశీ వ్యాపారం పక్కన పెడితే జాతీయాదాయం సి + ఐ + జి (వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ ఖర్చు) అని ఇంటర్ పిల్లలకీ తెలుసు. తమరి మరో అవతారం మ్యాథమెటికాలో ఐ అంటే మైనస్ ఒకటికి వర్గమూలం. అంటే దేశంలో పెట్టుబడంతా కల్పిత సంఖ్యే. అంత అబద్ధమూ కాదు లెండి! సి, ఎన్, ఇ కూడా తమరి రిజర్వుడు సీట్లే కాబట్టి వినియోగం, శాంపిల్ సైజు, ఎక్స్‌పెక్టేషన్ నిలబడే ప్రయాణం చేస్తున్నాయి.

అన్నిటికన్నా అవును-కాదు జవాబుల సంభావ్యత లెక్కగట్టే లాజిట్ చిత్రం. దాని అవకలనంగా తమరిచ్చే ఇ^జెడ్/(1+ఇ^జెడ్)² కి వంక పెట్టలేం. దాన్ని అలాగే గణాంకాల భాష ఆర్‌లోకి దించితే జెడ్ 710 చేరేసరికి పైనా అనంతమే, కిందా అనంతమే. మాకు దక్కేది సంఖ్యే కాని (NaN) ఓ సమాధానం. 1/(1+ఇ^-జెడ్) ని పి అనుకుని పి(1-పి) అని చేత్తో తిరగరాస్తే ఆ పేచీ లేదు.

మాత్రికల జోలికి తమరిని పిలవం. అక్షరాలతో విప్పితే 6×6 నిర్ధారకానికి 720 పదాలు, 10×10 కి 36,28,800. విలోమం సంఖ్యల్లోనే కట్టుకుంటాం.

ఇట్లు,
ఎకనామెట్రిక్స్ గుమాస్తాలు

తా.క.: పాయిజాన్ విభాజనం పరామితికి లాంబ్డా అని పేరు పెడదామంటే పైథాన్ ఆ మాట ముందే తీసేసుకుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో బి ఎగ్గొట్టి గడుపుకుంటున్నాం.