పగ్గాలు వదలడమూ పనితనమే

కోచ్ అంటే గీత గీసేవాడు, దాటితే గద్దించేవాడు అన్న నమ్మకం ఫుట్‌బాల్‌లో బాగా వేళ్లూనుకుంది. ఆ కొలతతో చూసేవారికి బల్గేరియా మాజీ కోచ్ దిమితర్ పెనెవ్ ఎప్పుడూ అదృష్టవంతుడిగానే కనిపిస్తాడు. కోటి జనాభా కూడా లేని దేశాన్ని 1994 ప్రపంచ కప్ సెమీఫైనల్‌కు తీసుకెళ్లినా గాలివాటం గెలుపన్న మాట తప్పలేదు. సోఫియా పక్కనున్న మిరోవ్యానె ఆయన పుట్టిన ఊరు. స్వదేశంలో ఆయనకు దక్కిన ‘మిరోవ్యానె వ్యూహకర్త’ అన్న బిరుదులో మెచ్చుకోలు ఎంతుందో వెటకారమూ అంతే ఉంది. ఆ వెటకారం అన్యాయమన్నది మా అభిప్రాయం.

పెనెవ్ డిఫెండర్. సైన్యం క్లబ్బు సీఎస్‌కేఏ సోఫియాలో పేరు తెచ్చుకుని, దేశం తరఫున 90 మ్యాచ్‌లు ఆడాడు. ఐరోపా క్లబ్బుల పోటీ యూరోపియన్ కప్‌ను వరుసగా మూడుసార్లు గెలిచిన డచ్ క్లబ్బు అయాక్స్‌ను 1973లో ఇంటికి పంపిన సీఎస్‌కేఏ జట్టులో ఆయనా ఉన్నాడు. ప్రపంచ కప్ మాత్రం కలిసిరాలేదు. 1966లో లివర్‌పూల్‌లో బ్రెజిల్‌పై మ్యాచ్‌లో పీలే ఒకటి, గారించా ఒకటి ఫ్రీకిక్‌లతో కొడుతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. 1966, 1970, 1974 ప్రపంచ కప్‌లలో ఆయన ఉన్న జట్టు తొమ్మిది మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు. దేశం మొత్తం లెక్క మరీ దారుణం: 1994కు ముందు ఐదు ప్రపంచ కప్‌లు, 16 మ్యాచ్‌లు, గెలుపులు సున్నా.

కోచ్‌గా ఆయన సీఎస్‌కేఏకు 1987, 1989, 1990లో లీగ్ టైటిళ్లు తెచ్చాడు. ఆ జట్టులో ఉన్న కుర్రాడు హ్రిస్టో స్టోయిచ్కోవ్ మామూలు మనిషి కాదు. 1985 బల్గేరియా కప్ ఫైనల్‌లో జరిగిన కొట్లాటకు జీవితకాల నిషేధం పడి, తర్వాత అది తగ్గితే మళ్లీ మైదానంలోకి వచ్చినవాడు. అలాంటివాణ్ని లొంగదీయాలని చూడకుండా, గోల్ వైపు తిప్పి వదిలేశాడు పెనెవ్. 1989లో ఐరోపా క్లబ్బుల మరో పోటీ కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్లో సీఎస్‌కేఏ ఓడినా, బార్సిలోనాపై ఆ జట్టు కొట్టిన మూడు గోల్స్ స్టోయిచ్కోవ్‌వే. మరుసటి ఏడాది బార్సిలోనాయే అతణ్ని కొనుక్కుంది.

ఇక్కడ కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1989లో కమ్యూనిస్టు పాలన కూలాక ఆటగాళ్లు ఐరోపా నలుమూలలకూ వెళ్లిపోయారు. బలాకోవ్ లిస్బన్‌లో, కోస్తాదినోవ్ పోర్టోలో, లెచ్కోవ్ హాంబర్గ్‌లో. ఏడాది పొడవునా కఠినమైన కోచ్‌ల కింద నలిగి వచ్చేవారికి జాతీయ జట్టులో ఇంకో హెడ్మాస్టరు ఎందుకు? పెనెవ్ శిబిరంలో సిగరెట్లు, బీరు, పేకాట గురించి పత్రికలు కథలు కథలుగా రాశాయి. అందులో కొంత నిజమే. అయితే అది చేతకానితనం కాదు, ఎంపిక.

1993 నవంబర్ 17న పారిస్‌లో బల్గేరియాతో జరిగిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో ఫ్రాన్స్‌కు డ్రా చాలు. 90వ నిమిషంలో స్కోరు 1-1. బంతి దగ్గరే పెట్టుకోవాల్సిన ఫ్రాన్స్ ఆటగాడు జినోలా దాన్ని పొడవుగా కొట్టి పారేశాడు. అది బల్గేరియా కాళ్లకు చిక్కి, పెనెవ్ అన్న కొడుకు వరస లుబోస్లావ్ ద్వారా కోస్తాదినోవ్‌ను చేరింది. అతడు బాదిన బంతి క్రాస్‌బార్‌ను తాకి లోపల పడింది. అదృష్టమా? కొంత. కానీ డ్రాతో ఇంటికి పోవాల్సిన జట్టు చివరి క్షణంలోనూ భయపడకుండా ముందుకు ఉరకడం అదృష్టం కాదు.

అమెరికాలో 1994 ప్రపంచ కప్ నైజీరియా చేతిలో 0-3 ఓటమితో మొదలైంది. కొన్ని చోట్ల అది చాలు, కోచ్ తల తెగడానికి. పెనెవ్ కంగారు పడలేదు. గ్రీస్‌పై 4-0, అర్జెంటీనాపై 2-0, మెక్సికోపై పెనాల్టీ షూటౌట్. జులై 10న క్వార్టర్‌ఫైనల్లో ఎదురుగా డిఫెండింగ్ చాంపియన్ జర్మనీ. లెచ్కోవ్ తప్పిదంతోనే జర్మనీకి పెనాల్టీ దొరికింది, మత్తేయుస్ గోల్ కొట్టాడు. తప్పు చేసిన ఆటగాణ్ని వెంటనే బయటకు లాగే కోచ్‌లు ఎందరో. పెనెవ్ లాగలేదు. 75వ నిమిషంలో స్టోయిచ్కోవ్ ఫ్రీకిక్, మూడు నిమిషాలకే ఆ లెచ్కోవే గాల్లోకి దూకి బట్టతలతో కొట్టిన గోల్. 2-1.

ఆయన పద్ధతికి హద్దులు లేకపోలేదు. సెమీస్‌లో ఇటలీ చేతిలో ఓడాక మూడో స్థానం మ్యాచ్‌లో స్వీడన్ 4-0తో చితక్కొడుతుంటే ఆపే మందు ఆయన దగ్గర లేకపోయింది. యూరో 1996లో గ్రూప్ దశ దాటకపోవడంతో పదవీ పోయింది. కానీ తర్వాత జరిగింది చూడండి. 1998లో ఎక్కువగా ఆ సీనియర్లతోనే ప్రపంచ కప్‌కు వెళ్లిన బల్గేరియా స్పెయిన్ చేతిలో 1-6తో కుప్పకూలింది. వయసు మీద పడిన మాట నిజమే, కానీ వయసొక్కటే ఐదు గోల్స్ తేడా చేయదు.

ఆ జట్టు వజ్రం స్టోయిచ్కోవే 2004లో కోచ్ అయ్యాడు. ఆయన తీరు నచ్చక మిడ్‌ఫీల్డర్ స్టిలియాన్ పెట్రోవ్ 2006లో జాతీయ జట్టుకు దూరం జరిగాడు. మరుసటి ఏడాది స్టోయిచ్కోవ్ తప్పుకున్నాడు, వెనకే వచ్చిన కోచ్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. యూరో అర్హత పోటీల మధ్యలో దిక్కుతోచని ఫుట్‌బాల్ సంఘం అప్పుడు తలుపు తట్టింది అరవై రెండేళ్ల పెనెవ్‌దే.