సంస్కారపు బల్ల దగ్గర ఎవరు నిలబడాలి?

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా సారా ములల్లీ పేరును 2025 అక్టోబర్ 3న ప్రకటించారు. పద్నాలుగు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్న ఆ పీఠం ఒక స్త్రీకి దక్కడం ఇదే మొదటిసారి. ఎక్కడో ఇంగ్లండ్ వార్త, మనకెందుకులే అనుకోవడానికి లేదు. మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కూడా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌తో ముడిపడిన ఆంగ్లికన్ కుటుంబంలో సభ్య సంఘమే. డోర్నకల్, కరీంనగర్, మెదక్ బిషప్పులకు ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు కలిసే లాంబెత్ సభకు పిలుపు వచ్చేది ఆ పీఠం నుంచే. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట చక్కర్లు కొడుతుంది: “ఇయ్యాల ఆడోళ్లను బిషప్‌లను చేసిన్రు, రేపు గేలను చేస్తరు. ఇవి అంత్యదినాలు.”

ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే తాడుతో కట్టేశారు. ఆడవాళ్లకు పాస్టరుగా గురుత్వాభిషేకం ఇవ్వొచ్చా అన్నది ఒకటి. స్వలింగ ప్రేమ విషయంలో, ట్రాన్స్‌జెండర్ల విషయంలో సంఘం ఏం చెప్పాలన్నది ఇంకొకటి. మొదటిదానికి సీఎస్ఐ యాభై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది. రెండోది మన దగ్గర ఇంకా సరిగ్గా అడగనే లేదు. రెండింటినీ ముడేయడం వల్ల తేలిపోయిన విషయం మళ్లీ అనుమానంలో పడుతోంది, తేలాల్సిన విషయం మీద ఎవరూ నోరు విప్పడం లేదు. ఈ ముడి వల్ల వరంగల్ ప్రాంతంలో ఎక్కువ నష్టపోతున్నది మన అమ్మలూ అక్కలే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు తేదీలు చూద్దాం. సీఎస్ఐలో ప్రెస్బిటర్‌గా (అభిషేకం పొందిన పాస్టరుగా) మొదటి స్త్రీ, ఎలిజబెత్ పాల్, అభిషేకం పొందింది 1976లో. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ పని చేసింది 1994లో. సీఎస్ఐ మొదటి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత 2013 సెప్టెంబర్ 30న నంద్యాలలో బాధ్యత తీసుకున్నారు. ఇంగ్లండ్‌లో మొదటి మహిళా బిషప్ లిబ్బీ లేన్ అభిషేకం 2015 జనవరిలో జరిగింది. అంటే రెండుసార్లూ మనమే ముందు, రెండోసారైతే సాక్షాత్తూ తెలుగు నేల మీద. మహిళా నాయకత్వాన్ని పడమటి గాలి అనేవాళ్లు ఈ నాలుగు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

డోర్నకల్ చరిత్ర తెలిసినవాళ్లకు ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందినప్పుడు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ నియామకాన్ని మిషనరీల్లోనే చాలామంది వ్యతిరేకించారు. ఇంకా సమయం రాలేదన్నారు, తెల్లవాళ్లు ఒక భారతీయుడి చేతి కింద ఎలా పనిచేస్తారన్నారు. ఇవాళ ఆయన పేరు చెప్పుకుని గర్వపడే మనమే ఒక మహిళా ప్రెస్బిటర్‌ను టౌన్ పాస్టరేట్‌కు (ఒక పాస్టరు చూసే సంఘాల పరిధికి) పంపమంటే “సంఘం ఒప్పుకోదు” అంటాం. అప్పటి సాకే ఇది, మనిషే మారాడు.

పంట పండుగ రోజు మహబూబాబాద్ వైపు ఏదైనా పల్లె చర్చికి వెళ్లి చూడండి. తెల్లవారకముందే ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి, జంపఖానాలు పరిచేది ఆడవాళ్లు. ఇంట్లో వండే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి కుండలో దాచిన బియ్యం సంచుల్లో మోసుకొచ్చేది వాళ్లే. మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు అన్నీ బల్ల ముందుకు చేరతాయి. వేలం మొదలవుతుంది. పాడేది ఎక్కువగా మగవాళ్లు. ఆఖర్న మూలన ఒక టేబుల్ వేసి, నోటుబుక్కు తెరిచి లెక్క రాసుకునేది నలుగురైదుగురు పెద్దలు. ఆ టేబుల్ దగ్గర నాకు ఆడమనిషి కనబడటం అరుదు. అయ్యగారి, అంటే పాస్టరు భార్య అప్పటికి వంటల దగ్గర ఉంటుంది. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు. కానీ స్త్రీల మైత్రి కూడిక నడపాలి, సండే స్కూల్ చూడాలి, చావుకీ పురుడుకీ అందరికంటే ముందు చేరాలి.

ఈ ప్రాంతంలో సంఘం నిలబడిందే ఇలాంటి ఆడవాళ్ల కాళ్ల మీద. మిషన్ల కాలంలో బైబిల్ స్త్రీలు ఊరూరూ నడిచి, మిషనరీ దొరలు అడుగుపెట్టలేని ఇళ్ల లోపలికి వెళ్లి వాక్యం చెప్పారు, అక్షరాలు నేర్పారు. అజరయ్య గారి భార్య అన్బు డోర్నకల్‌లో మదర్స్ యూనియన్ అనే ఆంగ్లికన్ స్త్రీల సంఘాన్ని పెంచారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్టు ఆస్పత్రిని నడిపిన వెస్లియన్ మిషన్ డాక్టర్ ఇసబెల్ కెర్. వీళ్లలో ఎవరినీ “నువ్వు స్త్రీవి, చెప్పొద్దు” అని సంఘం ఆపలేదు, ఎందుకంటే పని జరగాలి. అధికారం పంచుకోవాల్సిన చోటికి వచ్చేసరికే స్త్రీ బోధించకూడదన్న తిమోతి పత్రిక మాట గుర్తొస్తుంది. ఆ పత్రిక ఎవరి పేరున ఉందో అదే పౌలు రోమా పత్రిక చివర సంఘంలో సేవ చేసిన ఫీబేను, ప్రిస్కిల్లను పేరుపేరునా తలచుకున్నాడు. ఆ అధ్యాయం మీద ప్రసంగం నేను విన్నది చాలా తక్కువ.

హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో మగవాళ్లతో సమానంగా బీడీ అనే వేదాంత డిగ్రీ చదివి వచ్చిన అక్కలకు చాలాసార్లు దొరికేది హాస్టల్ వార్డెన్ పని, ఆస్పత్రి చాప్లిన్ పని, లేదా ఎవరూ వెళ్లని మూల పల్లె. భార్యాభర్తలిద్దరూ అభిషేకం పొందినా పాస్టరేట్ ఆయనది, సాయం ఆమెది. దీనికి పైకి చెప్పే కారణాలు భద్రత, ప్రయాణం, పిల్లల చదువు. గుసగుసగా చెప్పే కారణం ఇంకొకటుంది: ఆ మూడు రోజుల్లో ఆమె ప్రభు భోజన సంస్కారం ఎలా ఇస్తుంది? దీని గురించి దాపరికం లేకుండా మాట్లాడాలి. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రం ముట్టుకుంటే యేసు ఆమెను “కుమారీ” అని పిలిచాడు. ప్రతి సండే స్కూల్ పిల్లకూ తెలిసిన కథ ఇది. అది చెప్పే సంఘంలోనే ఆ అంటు ఇంకా బతికి ఉండటం నన్ను చాలా బాధపెడుతుంది.

అయితే మగ పెద్దలు కుర్చీని ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నారో కూడా అర్థం చేసుకోవాలి. మన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. ఊళ్లో “ఒరేయ్” అనిపించుకున్న మనిషికి మొదటిసారి “అయ్యగారూ” అన్న పిలుపు దొరికింది చర్చి గుమ్మంలోనే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోయింది, తెలంగాణలో వాళ్లను బీసీ-సీలో పెట్టారు. బయట దారులు మూసుకుపోయిన చోట పాస్టరేట్ కమిటీ, డయోసిస్ (బిషప్ పరిధి) కౌన్సిల్, మిషన్ స్కూల్ కరస్పాండెంట్ పదవి చాలా పెద్ద విషయాలు. డయోసిస్ ఎన్నికలంటే ఇంత టెన్షన్, ఇన్ని కోర్టు కేసులు అందుకే. ఆ గౌరవం ఎంత కష్టపడి సంపాదించుకున్నదో నాకు తెలుసు. కానీ అదే గౌరవం కోసం దళిత స్త్రీ ఇంకెన్నాళ్లు ఆగాలి? ఊళ్లో కులం వల్ల, ఇంట్లో మగాడి వల్ల, చర్చిలో రెండింటి వల్ల ఆమె వెనకే నిలబడుతోంది.

క్యాథలిక్కుల దారి వేరు. 1994లో రెండో జాన్‌పాల్ పోపు, స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికే లేదని రాసి తలుపు మూశారు. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనంలో (క్యాథలిక్ డయోసిస్‌లో) బడులూ ఆస్పత్రులూ సిస్టర్ల చేతుల మీదే నడుస్తున్నాయి. 2023 అక్టోబర్‌లో రోమ్ సినడ్‌లో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. కాజీపేట ఫాతిమానగర్ దాకా ఆ ఓటు ఎలా చేరుతుందన్నది అక్కడి విశ్వాసులు అడగాల్సిన ప్రశ్న.

ఇక ఆ రెండో ప్రశ్న. ప్రపంచంలో దాని చుట్టూ సంఘాలు చీలిపోయిన మాట నిజమే. స్వలింగ సంబంధాలు వాక్యానికి సరిపడవని 1998 లాంబెత్ సభ తీర్మానించింది. 2003లో అమెరికాలో తాను గే అని బాహాటంగా చెప్పిన జీన్ రాబిన్సన్ బిషప్ అయ్యాక గొడవ ముదిరి 2008లో సంప్రదాయవాద ఆంగ్లికన్ల కూటమి గాఫ్‌కాన్ పుట్టింది. ఉత్తర తెలంగాణకు వెస్లియన్ మిషనరీలను పంపిన బ్రిటిష్ మెథడిస్టు సంఘం 2021లో స్వలింగ వివాహాలకు ఒప్పుకుంది. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టులు 2024 మేలో గే పాస్టర్ల మీద నిషేధం తీసేశారు, అప్పటికే వేల సంఘాలు విడిపోయాయి. ఈ చీలికలు చూసి మన పెద్దలు భయపడటంలో తప్పు లేదు.

కానీ ఇంకో విషయం కూడా చూడాలి. ములల్లీకి ముందు కాంటర్‌బరీలో ఉన్న జస్టిన్ వెల్బీ 2024 నవంబర్ 12న ఎందుకు రాజీనామా ప్రకటించారు? గే పాస్టర్ల గొడవ వల్ల కాదు. జాన్ స్మైత్ అనే చర్చి నాయకుడు ఏళ్ల తరబడి అబ్బాయిలను హింసించిన సంగతి తెలిశాక కూడా సరిగ్గా చర్య తీసుకోలేదని విచారణ నివేదిక తేల్చినందుకు. దశాబ్దాలుగా ఎవరు ఎవరిని ప్రేమించాలన్న వాదంలో మునిగిన సంఘాన్ని చివరికి కుదిపేసింది అధికారంలో ఉన్నవాళ్ల దౌర్జన్యమూ, దాన్ని కప్పిపెట్టడమూ. మనకు పాఠం ఉన్నది ఇక్కడే.

మన దగ్గర ఈ చర్చ లేకపోయినా మనుషులున్నారు. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది, పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబర్‌లో ఇవ్వలేదు. నిజాం కాలపు 1329 ఫసలీ (1919) నపుంసకుల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తులుగా వచ్చే ట్రాన్స్ స్త్రీలకు జనం మొక్కుతారు, బొట్టు పెట్టించుకుంటారు. ఆ భక్తి మనది కాకపోవచ్చు, కానీ అక్కడ వాళ్లకు నిలబడే చోటుంది. ఆదివారం మన చర్చిలో ఆడవాళ్లవైపు కూర్చోవాలా, మగవాళ్లవైపు కూర్చోవాలా అన్నదగ్గరే వాళ్లు గుమ్మం బయట ఆగిపోతారు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు “నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేమిటి” అని అడిగితే ఫిలిప్పు కమిటీ వేయలేదు, నీళ్లలోకి దిగాడు.

పెళ్లి ఆశీర్వాదం మీద రేపే తీర్మానం చేయమని నేను అడగడం లేదు. వేదాంత పండితులు వాదించుకోనివ్వండి, ఏళ్లు పట్టనివ్వండి. నా మట్టుకు నేను ఒక మనిషి పుట్టుక స్వభావం బల్ల దగ్గరికి రావడానికి అడ్డు కాదని నమ్ముతాను, నాయకత్వానికి కొలత అందరికీ ఒకటే, నడవడిక, అనుకుంటాను. ఒప్పుకోనివాళ్లతో కూర్చుని మాట్లాడటానికి సిద్ధమే. ఆగకూడనిది మాత్రం ఒకటుంది. అబ్బాయి తేడాగా ఉన్నాడని తల్లిదండ్రులు ప్రార్థనకు తీసుకొస్తే దయ్యం పట్టిందని మూడు రోజులు ఉపవాసం పెట్టించి కొట్టే పద్ధతి వెంటనే మానాలి. ఇలాంటి ‘మార్పిడి చికిత్స’ చేసే డాక్టరుది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. డాక్టరు చేయకూడనిది పాస్టరు ఎలా చేస్తాడు?

డయోసిస్ కౌన్సిళ్ల చేతిలో ఇప్పుడే చేయగల పనులున్నాయి. పోస్టింగులు వేసేటప్పుడు హన్మకొండ, కరీంనగర్ లాంటి టౌన్ పాస్టరేట్లలో కొన్నింటికైనా మహిళా ప్రెస్బిటర్లను ఇన్‌ఛార్జిగా పంపాలి, అసిస్టెంట్‌గా కాదు. పంట పండుగ లెక్కల టేబుల్ దగ్గర స్త్రీల మైత్రి నుంచి ఇద్దరు కూర్చోవాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి, దానికి ఒక స్త్రీయే అధ్యక్షురాలు కావాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. జీతం లేకుండా సేవ చేసేవాళ్లు కూడా ఆ చట్టం కిందికే వస్తారు. మిషన్ స్కూళ్లకూ ఆస్పత్రులకూ డయోసిస్ ఆఫీసుకూ ఇది వర్తిస్తుంది. ఆ కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ తెలుగులో రాసి ప్రతి చర్చి నోటీసు బోర్డు మీదా, స్త్రీల మైత్రి కూడిక జరిగే గదిలోనూ అంటించాలి.