సవరణ: టైరస్ వాంగ్ డిస్నీలో పనిచేసింది మూడేళ్లే

జింకపిల్ల కథతో డిస్నీ తీసిన యానిమేషన్ సినిమా 'బాంబి'లోని అడవి దృశ్యాల గురించి మొన్న రాసిన పోస్టులో, చిత్రకారుడు టైరస్ వాంగ్ జీవితమంతా డిస్నీలోనే గడిపారని రాశాను. అది తప్పు. ఆయన చనిపోయినప్పుడు పత్రికల్లో వచ్చిన నివాళి వ్యాసాలు మళ్లీ చదివాక తెలిసింది.

వాంగ్ 1938లో డిస్నీలో చేరారు. మొదట ఇచ్చిన పని ఇన్‌బిట్వీనింగ్, అంటే ముఖ్యమైన రెండు బొమ్మల మధ్య కదలికను గీతగీతగా నింపడం. 'బాంబి' తీస్తున్నారని తెలిసి, సొంతంగా కొన్ని అడవి బొమ్మలు వేసి చూపించారు. ప్రతి ఆకూ గీయకుండా, పొగమంచులా రంగు పరిచి మధ్యలో జింకను నిలబెట్టే పద్ధతి అది. చైనాలో సాంగ్ రాజుల కాలం నాటి ప్రకృతి చిత్రాలే దానికి మూలం. సినిమా మొత్తం రూపు వాంగ్ వేసిన ఆ బొమ్మల నుంచే వచ్చింది. అయినా 1942లో విడుదలైనప్పుడు టైటిల్స్‌లో నేపథ్య చిత్రకారుల్లో ఒకరిగానే ఆయన పేరు వేశారు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటికే ఆయన అక్కడ లేరు. 1941లో డిస్నీ ఉద్యోగులు చేసిన సమ్మె తర్వాత తీసేశారు. సమ్మెలో పాల్గొన్నందుకే తీసేశారని కామెంట్లలో నేను ఇచ్చిన జవాబు కూడా తప్పే, ఆయన సమ్మె చేయలేదు. తర్వాత వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో 1968లో రిటైరయ్యేదాకా సుమారు 26 ఏళ్లు, నటులతో తీసే మామూలు సినిమాల దృశ్యాలకు ముందస్తు చిత్రాలు వేశారు. డిస్నీ సంస్థ ఇచ్చే 'డిస్నీ లెజెండ్' గౌరవం 2001లో దక్కింది.

పాత పోస్టులో ఆ వాక్యాన్నీ, కామెంట్లలో ఆ జవాబునూ మార్చాను.