పిచ్‌కి పెళ్ళిచూపులు

జనవరి శనివారం పొద్దున ఇంగ్లండ్‌లో నేలంతా గడ్డకట్టి ఉంటే, చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల ట్విటర్ ఖాతాలు నడిపేవాళ్ళకి దివ్యదృష్టి వస్తుంది. పదిన్నరకల్లా "పిచ్ బ్రహ్మాండంగా ఉంది, మ్యాచ్ ఉంది, వచ్చేయండి" అని పెడతారు. పక్కన సూర్యుడి బొమ్మ ఒకటి. ఆయన వాళ్ళకెక్కడ కనిపించాడో గానీ, మా వీధిలో కారు అద్దం మీద మంచు గీకబోతే నా సూపర్‌మార్కెట్ పాయింట్ల కార్డు రెండు ముక్కలైంది. అయినా నమ్ముతాం. రెండు జతల సాక్సులు తొడుక్కుని, మఫ్లర్ చుట్టుకుని బస్సెక్కుతాం. మ్యాచ్ మూడింటికి. సరిగ్గా రెండింటికి, వాళ్ళ గ్రౌండు ముందు మా డ్రైవరు హ్యాండ్‌బ్రేక్ లాగుతుండగా, రిఫరీ గారు "కుదరదు" అంటారు.

ప్రీమియర్ లీగ్ ఉండగా నీకిదేం ఖర్మ అని ఇక్కడి మనవాళ్ళందరూ అడుగుతారు. పై నాలుగు డివిజన్లలో ఉన్న 92 క్లబ్బులు పోను మిగతా దేశమంతా నాన్‌లీగే బాబూ. ఐదో మెట్టు నేషనల్ లీగ్, మావాళ్ళు ఏడో మెట్టు. పేరు చెప్పను, గోల్స్ పడక అసలే బాధలో ఉన్నారు. మా స్ట్రైకర్ వారమంతా ప్లంబరు, గోల్‌కీపరు పీటీ మాస్టారు. గోల్ వెనక నిలబడి పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి సమాధానం చెప్తాడు. ప్రీమియర్ లీగ్ స్టార్ హాలండ్‌ని పిలిచి చూడండి, పలుకుతాడేమో.

ఇక ఆ పిచ్ ఇన్‌స్పెక్షన్, అంటే గ్రౌండు ఆటకి పనికొస్తుందా అని రిఫరీ చేసే తనిఖీ. అవి అచ్చంగా పెళ్ళిచూపులే. పొడుగు నల్లకోటు వేసుకుని మగపెళ్ళివారి తరఫున రిఫరీ గారు దిగుతారు. ఆడపిల్ల తండ్రి, అంటే హోమ్ క్లబ్ ఛైర్మన్, చేతులు నలుపుకుంటూ వెనకాలే. "కాస్త చల్లగా కనిపిస్తుంది గానీ మనసు మెత్తనండీ." రిఫరీ మడమతో నొక్కుతారు. దిగదు. బంతి ఎత్తి కింద వేస్తారు, అది టంగుమని ఆయన గడ్డం దాకా లేస్తుంది. "బంతిలో గాలెక్కువైందండీ" అంటాడు తండ్రి. ఈలోగా పొద్దున ఆరింటికే వచ్చి మంచు ఆపే పట్టాలు తీసిన నలుగురు ముసలాళ్ళు తోటపని పారలతో నేలని పొడుస్తూ మధ్యలో ఆగి, పెద్దమనుషుల మొహాల్లోకి చూస్తారు. ఒక ఆంటీ కప్పులో బోవ్రిల్, అంటే వేడి గొడ్డుమాంసం రసం, తెచ్చి రిఫరీ చేతిలో పెడుతుంది. కట్నం కింద లెక్క రాదనుకుంటా. ఆయన చప్పరిస్తూ ఆకాశం చూస్తారు, ఫోను చూస్తారు, మళ్ళీ ఆకాశం చూస్తారు. స్టాండు నీడ పడే ఒక మూల ఉంటుంది, డిసెంబరు నుంచి దానికి ఎండ తగల్లేదు. ఛైర్మన్ మాటల్లో పెట్టి ఆయన్ని అటు పోనివ్వడు, ఇక దారి లేకపోతే వెళ్ళి తనే దాని మీద నిలబడతాడు. "ఆ కాలు కాస్త తీస్తారా?" అంటారు రిఫరీ గారు. తీస్తాడు. జాతకాలన్నీ కలిశాయి గానీ, కుడి కార్నర్ జెండా దగ్గర కుజదోషం.

నా గొడవ నిర్ణయంతో కాదు. గడ్డకట్టిన నేల మీద ప్లంబరు చీలమండ విరిగితే సోమవారం పనిలోకి ఎవడెళ్తాడు? నా గొడవ టైముతో. రాత్రి మైనస్ నాలుగని ముందురోజే టీవీలో చెప్పారు. ఆ కార్నర్ సంగతి ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. ఒక్క రిఫరీ గారికి మాత్రం మేము మూడు కౌంటీలు దాటి వచ్చాకే తెలియాలి.

దీనికంటే 1963 నయం. ఆ చలికాలం ఎఫ్ఏ కప్ (చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే నాకౌట్ పోటీ) మూడో రౌండు పూర్తవడానికి 66 రోజులు పట్టింది, 261 సార్లు మ్యాచులు వాయిదా పడ్డాయి. హాలిఫాక్స్ క్లబ్బయితే గ్రౌండులో జనాన్ని ఐస్ స్కేటింగ్‌కి రానిచ్చింది. మ్యాచుల్లేక పందేల కూపన్ల వ్యాపారం పడకేసేసరికి ఆ పందేలు నడిపే పూల్స్ కంపెనీలు ఒక ప్యానెల్‌ని వేశాయి. టామ్ ఫినీ, టామీ లాటన్ లాంటి పాత ఫుట్‌బాల్ ఉద్దండులు జనవరి 26న లండన్‌లో గది తలుపులేసుకుని కూర్చుని, జరగని మ్యాచుల్లో ఎవరు గెలిచేవారో తేల్చి ప్రకటించారు. నవ్వుకోండి, కానీ ఆ పద్ధతిలో ఎవడూ బస్సెక్కనక్కర్లేదు.

పైవాళ్ళకి ఈ టెన్షన్ లేదు. ప్రీమియర్ లీగ్‌లో పిచ్ కింద వేడి గొట్టాలు ఉండి తీరాలని రూలే ఉంది. పోనీ మంచుని చాలావరకు తట్టుకునే కృత్రిమ గడ్డి వేసుకుందామా అంటే, నాన్‌లీగ్‌లో ఉన్నన్నాళ్ళు వేసుకోవచ్చు, పైకెళ్తే పీకాలి. సటన్ యునైటెడ్ 2021లో నేషనల్ లీగ్ గెలిచింది. గెలిచినందుకు పిచ్ పీకించారు.

వాయిదా పడ్డ మ్యాచ్ మంగళవారం రాత్రి పెడతారు. ఉద్యోగం చేసుకునే మాలో ఎంతమంది వెళ్ళగలం? శనివారం వచ్చేవాళ్ళలో సగం కూడా రారు, గేటు డబ్బులు పోతాయి, కొన్న బర్గర్లు చెత్తబుట్టలోకి పోతాయి. ఈ క్లబ్బులకి ఎప్పుడైనా నాలుగు డబ్బులు కళ్ళజూపిన దారుల్లో ఎఫ్ఏ కప్ రీప్లే, అంటే డ్రా అయితే మళ్ళీ ఆడే మ్యాచ్, ఒకటి. 2005 జనవరిలో అప్పుల్లో ఉన్న నాన్‌లీగ్ ఎక్సెటర్ సిటీ మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండు ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్ళి 0-0 చేసుకొచ్చింది, రీప్లేలో ఓడినా ఆ రెండు మ్యాచుల డబ్బు ఆ క్లబ్బుని ఒడ్డున పడేయడానికి సాయపడింది. దాన్ని కూడా లాగేశారు. 2024-25 సీజన్ నుంచి మొదటి రౌండు మొదలుకొని రీప్లేలు లేవు. ఎందుకట? పెద్ద క్లబ్బుల క్యాలెండర్‌లో ఖాళీ లేదట. వేసవిలో ఫ్రెండ్లీలని ఖండాలు దాటడానికి మాత్రం ఖాళీ ఉంటుంది! సిగ్గు లేకపోతే సరి. 1972 ఫిబ్రవరి 5న నాన్‌లీగ్ హెరెఫర్డ్ తరఫున రోనీ రాడ్‌ఫర్డ్ బురదలోంచి పై డివిజన్ న్యూకాసిల్ మీద కొట్టిన ఆ గోల్‌ని ఏటా టీవీలో వేసి, కప్ మహత్యం, కప్ మ్యాజిక్ అని ఊదరగొడతారు కదా, అది రీప్లేరా నాయనా! వాతావరణం బాగోక మళ్ళీ మళ్ళీ వాయిదా పడి, చివరికి ఎలాగో జరిగిన రీప్లే! ఇప్పటి రూల్ అప్పుడుంటే న్యూకాసిల్‌లో 2-2 అయిన రోజే ఎక్స్‌ట్రా టైమూ పెనాల్టీలూ పెట్టి తేల్చేసేవారు, ఆ గోలూ లేదు, ఆ బురదా లేదు, మీరు అమ్ముకోవడానికి ఆ వీడియో ముక్కా లేదు.

సరే, వాళ్ళెలాగూ వినరు. కనీసం రిఫరీ గారి విషయంలో నాదొక డిమాండు. మేము పొరుగూరి గ్రౌండులో ఆడే మ్యాచుకి ఆయన మాతోపాటే రావాలి. పొద్దున ఎనిమిదికి మా క్లబ్ గేటు దగ్గర నిలబడి, పాడైపోయిన హీటరున్న ఆ బస్సెక్కి, వెనక సీట్లో డ్రమ్ము వాయించే కుర్రాడి పక్కన కూర్చోవాలి. పిచ్ ఇన్‌స్పెక్షన్ ఎన్నింటికి పెట్టుకుంటారో ఆయన ఇష్టం.