ఉన్న ఛార్జరే వాడుకోవాలట!

మా డెస్కులో ఒకాయన పోయిన వారం కొత్త ఫోను కొన్నాడు. డబ్బా విప్పితే ఫోను, మూరెడు కేబులు, సిమ్ ట్రే తీసే సూది, ఎవరూ చదవని చిన్న పుస్తకం. ఛార్జర్ లేదు. ఇందులో వార్తేం లేదు, కొన్నేళ్ళుగా అందరూ చూస్తున్నదే. ఇంట్లో పాత ఛార్జర్ ఉంది కదా అని దానికే తగిలించాడు. అది వేరే కంపెనీది, అరవై పైచిలుకు వాట్లని దాని మీద అచ్చేసి మరీ ఉంది. ఇటు చూస్తే ఈ ఫోను అరగంటలో నిండిపోతుందని ప్రకటన. తీరా గంటసేపు పెట్టినా సగం కూడా ఎక్కలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వచ్చిన సలహా ఒక్కటే: మా ఒరిజినల్ అడాప్టర్ కొనుక్కోండి సార్.

ఇక్కడే మాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఉన్న ఛార్జరే వాడుకోండి, భూమికి మంచిది అని చెప్పి డబ్బాలోంచి దాన్ని తీసేసింది వీళ్ళే. ఆ ఉన్నదాన్ని పెడితే నత్తనడక నడిచే ఫోను తయారుచేసిందీ వీళ్ళే.

ఈ రెండు నాలుకల వ్యవహారం మొదటి రోజు నుంచీ ఉంది. 2020 అక్టోబరులో ఐఫోన్ 12 డబ్బాలోంచి అడాప్టర్ తీసేసినప్పుడు ఆపిల్ చెప్పిన కారణం, జనం దగ్గర ఇప్పటికే బోలెడు ఉన్నాయని. నిజమే, ఉన్నాయి. కానీ ఆ డబ్బాలో పెట్టిన కేబుల్ రెండో కొసన టైప్-సి పిన్ను. ఐఫోన్ వాడుతున్న చాలామంది ఇళ్ళల్లో ఉన్న 5 వాట్ల అడాప్టర్‌కి ఉన్నదేమో పాత వెడల్పాటి యూఎస్‌బీ. ఉన్నదానికి పట్టని కేబుల్ చేతికిచ్చి, ఉన్నదే వాడుకోమన్నారు! 20 వాట్ల కొత్త అడాప్టర్‌ను మన దగ్గర విడిగా 1,900 రూపాయలకు అమ్మారు. మా ఫోనుతో ఛార్జర్ వస్తుందని అప్పట్లో సోషల్ మీడియాలో ఎగతాళి చేసిన శామ్‌సంగ్, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21 తెచ్చేసరికి తనూ ఛార్జర్ తీసేసింది. ఎగతాళి చేసిన పోస్టును కూడా తీసేసింది, అది వేరే సంగతి. 2024లో ఆపిల్ ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ 4 వచ్చేనాటికి డబ్బాలో కేబుల్ సైతం మాయం. ఒకరు తీస్తారు, రెండోవాడు నవ్వుతాడు, ఏడాది తిరక్కుండా వాడూ తీస్తాడు.

ఈ-వ్యర్థాలు తగ్గుతాయని, డబ్బా చిన్నదైతే ఒక్క విడతలో ఎక్కువ ఫోన్లు రవాణా చేయొచ్చని కంపెనీలు అంటాయి, అందులో నిజం లేకపోలేదు. సొరుగు తెరిస్తే పాము పిల్లల్లా చుట్టుకున్న వైర్లు మా ఇళ్ళల్లోనూ ఉన్నాయి. కానీ ఆ వైర్లు పనికొస్తేనే కదా వ్యర్థం తగ్గేది.

ఫోనుకి, ఛార్జర్‌కి మధ్య కరెంటు పారే ముందు ఒక బేరం నడుస్తుంది. ఎన్ని వోల్టులు ఇవ్వగలవు, ఎన్ని ఆంపియర్లు లాగగలను అని రెండూ మాట్లాడుకుంటాయి. అందరికీ ఉమ్మడిగా ఉన్న భాష పేరు యూఎస్‌బీ పవర్ డెలివరీ, పీడీ అంటారు. అది చాలదన్నట్టు వన్‌ప్లస్, ఒప్పో వాళ్ళది సూపర్‌వూక్, వివోది ఫ్లాష్‌ఛార్జ్, షావోమీది హైపర్‌ఛార్జ్. భాష కుదరకపోతే రెండూ అట్టడుగు వేగానికి దిగిపోతాయి, కన్నడం ముక్క రాకుండా బెంగళూరు మెజెస్టిక్‌లో ఆటో బేరమాడిన మనవాడి పరిస్థితే. వీళ్ళలో కొందరు ఇప్పటికీ డబ్బాలో ఛార్జర్ ఇస్తున్నారు, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ 80 వాట్ల ఛార్జర్ తన ఇంట్లోనే 80, పొరుగింటికి వెళితే ఎంతిస్తుందో కొన్నవాడికి చెప్పే నాథుడు లేడు.

కేబుల్ సంగతి ఇంకా ఘోరం. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులో, ఒక కొట్టు ముందు మేకుకి పూలదండల్లా వేలాడదీసిన కేబుళ్ళు చూశాం. తెల్లవి, నల్లవి, గుడ్డ అల్లికవి. ఒకదాని కవరు మీద 65 వాట్లని ఉంది, దాని పక్కదాని మీద 100 అని ఉంది, బయటికి తీస్తే రెంటికీ తేడా తెలియదు, వైరు మీద ఒక్క అక్షరం లేదు. ఇది ఎన్ని వాట్లు లాగుతుందన్నా అని అడిగితే, కొట్టులో ఉన్న చిత్తూరు కుర్రాడు "ఎన్నైనా లాగుతాది సార్, సి టైపు గదా" అన్నాడు. పాపం, అతన్ని అనడానికేం లేదు, అతనికి చెప్పిందెవరు గనక.

సి టైపు అన్నది పిన్ను ఆకారం, అంతే. మామూలు సి టైపు కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి 5 ఆంపియర్లు కావాలంటే లోపల కేబుల్ సత్తా ఎంతో ఛార్జర్‌కి చెప్పే ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. కొత్త ప్రమాణంలో అలాంటివి 240 వాట్ల దాకా వెళతాయి. 45 వాట్లు తీసుకునే కొన్ని శామ్‌సంగ్ ఫోన్లకు కూడా ఆ వేగం రావాలంటే 5 ఆంపియర్ల కేబులే కావాలి. అడాప్టర్ సరైనదే కొని, కేబుల్ దగ్గర దెబ్బతిని, ఫోను పాడైందని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగేవాళ్ళు మాకు తెలుసు. సర్టిఫికేషన్ తీసుకున్న కేబుళ్ళ మీద 60 లేదా 240 అని వేసుకునేందుకు ఆ ప్రమాణం రాసిన యూఎస్‌బీ-ఐఎఫ్ గుర్తులు కూడా తయారుచేసి ఇచ్చింది. ఎస్పీ రోడ్డులో ఆ మేకుకి వేలాడుతున్న వాటిలో మాకు ఒక్కటీ కనబడలేదు. నాసిరకం కేబుల్ నెమ్మదిగా ఎక్కించి ఊరుకుంటే సరే. 2016లో బెన్సన్ లెంగ్ అనే గూగుల్ ఇంజినీరు ఆన్‌లైన్‌లో కొన్న కేబుల్‌ను పరీక్షకి పెడితే, లోపల వైర్లు తారుమారుగా కలిపి ఉండి ఆయన ల్యాప్‌టాప్ పాడై కూర్చుంది. కేబుళ్ళు పరీక్షించడమే పనిగా పెట్టుకున్న మనిషికే ఆ గతి.

ఇక ట్రిమ్మర్లు, చిన్న ఫ్యాన్లు, చవక ఇయర్‌బడ్స్. వీటికీ సి పిన్నే. కానీ రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో కొత్త ఛార్జర్‌కి తగిలిస్తే కొన్నిట్లో లైటు కూడా వెలగదు. అవతల పరికరం ఉందని ఛార్జర్‌కి తెలిపేందుకు లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా మిగుల్చుకున్నారు మహానుభావులు. పాత వెడల్పాటి యూఎస్‌బీ కేబుల్ ఉంటేనే అవి ప్రాణం పోసుకుంటాయి. శుక్రవారం రాత్రి బెంగళూరు మడివాళలో నెల్లూరు బస్సు ఎక్కి, సీటు పక్కన వెడల్పాటి యూఎస్‌బీ చూసి, చేతిలో సి కేబుల్ పట్టుకుని నిట్టూర్చే మన పిల్లలకు ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు.

ఐరోపా యూనియన్ ఏం చేసిందో చూడండి. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లు, ట్యాబ్లెట్లు, ఇయర్‌ఫోన్లకు టైప్-సి తప్పనిసరి చేసింది, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టింది. పిన్నుతో ఆగలేదు. 15 వాట్లు దాటి ఛార్జయ్యే పరికరం పీడీ భాష మాట్లాడి తీరాలి, సొంత భాష ఉంటే ఉండనీ, అది పీడీకి అడ్డు రాకూడదు. ఛార్జర్‌తో అమ్మేవాడు ఛార్జర్ లేకుండా కూడా అమ్మాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పరికరానికి కనీసం ఎన్ని వాట్లు కావాలో, గరిష్ఠంగా ఎన్ని తీసుకుంటుందో డబ్బా మీద బొమ్మ వేసి చూపాలి. బ్రెజిల్ అయితే ఛార్జర్ లేని ఐఫోన్లు అమ్మొద్దని 2022 సెప్టెంబరులో జరిమానా వేసి మరీ చెప్పింది.

మన దగ్గర ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ 2023 జనవరిలో టైప్-సి ప్రమాణం ప్రకటించింది. సంతోషం. అడాప్టర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి, మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది. కొనేవాళ్ళు ఆ నంబరు చూడండి, దాని కిందే చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే అవుట్‌పుట్ వరుస కూడా చదవండి. 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అని ఉంటే 20 వాట్లన్నమాట. అయినా కూరగాయలు కొన్నట్టు ఫోను ఛార్జర్ కొనే మనిషి చేత ఈ గుణకారాలు ఎందుకు చేయించాలి? ఆ లెక్క కట్టి రాయాల్సింది అమ్మేవాడు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దగ్గర ప్యాకేజీల నిబంధనలు 2011 నుంచి ఉన్నాయి. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా బరువు, తయారైన నెల, ఫిర్యాదు నంబరు అచ్చేయించే శాఖ అది. సొంత ఛార్జర్‌తో ఎన్ని వాట్లు, పీడీ ఛార్జర్‌తో ఎన్ని వాట్లు, ఫోను డబ్బా మీద పక్కపక్కన వేయించండి. ప్రతి కేబుల్ మీద, కవరు మీద కాదు, వైరు మీదే అంకె చెక్కించండి. వేయలేమంటారా, అయితే ఉన్నదే వాడుకోమన్న మాట వెనక్కి తీసుకుని, డబ్బాలో ఛార్జర్ తిరిగి పెట్టమనండి. వేలకు వేలు ఎంఆర్‌పీ అచ్చేయడానికి చోటు దొరికిన డబ్బా మీద ఈ రెండు అంకెలకు చోటు లేదంటే నమ్మడానికి ఇక్కడెవరూ చెవిలో పువ్వులు పెట్టుకుని కూర్చోలేదు.